వెల్లకిలా పడుకున్న దొరగారు

గోరువెచ్చన అంటే మోచేతి లోపలివైపు నాలుగు చుక్కలు పోసుకుంటే వేడీ తెలియకూడదు, చల్లనా తెలియకూడదు, ఇంత చిన్న సంగతికి మా తోడికోడలు గిన్నెలో వేలు ముంచి చూస్తుంది, పొద్దస్తమానం సూది పట్టుకుని మొద్దుబారిన వేలికి ఏం తెలుస్తుంది నా మొహం, అయినా ఇప్పుడు ఆమె వేలితో మనకేం పని, గిన్నె నాది, గుడ్డ నాది, ఒడి నాది, ఒడిలో వెల్లకిలా, నాలుగు కాళ్ళూ గాలికి వదిలేసి పడుకున్న దొరగారు కూడా ఈ పూటకి నావారే, ఒక్క కదలిక లేదు, చూడవే ఎంత బుద్ధిగా పడుకున్నారో అని పైకే అన్నాను, గుమ్మం దగ్గర పొడి తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మా అమ్మాయి వినాలనే అన్నాను, అది తలూపింది, ఊ అని కూడా అనలేదు, పర్వాలేదు, తలూపింది కదా, ఇదివరకైతే ఈ వేళకి ముందు గదిలో పిన్ని కుట్టుమిషను కింద దూరి ఉండేది.

దొరగారంటే దాని కుందేలు, ఒళ్ళంతా బూడిదరంగు, మెడ చుట్టూ మాత్రం ఇస్త్రీ చేసిన కాలరు పెట్టినట్టు తెల్లటి బొచ్చు, ఆ కాలరు చూసే మా ఆయన దొరగారూ దయచేయండి అన్నారు మొదటి రోజు, పేరు అలాగే అతుక్కుపోయింది, వెనక ఎడమకాలు విరిగి తొడదాకా కట్టు వేశాక ఆ దొరతనమంతా పోయింది పాపం, సరిగ్గా కూర్చోలేరు, నడుం వంచి తన ఒళ్ళు తను నాక్కోలేరు, ఉచ్చ పోస్తే తొడల మీదికే పారుతుంది, మెత్తటి పెంట తోక కింద బొచ్చుకి అంటుకుని అక్కడే ఎండుతుంది, అలా వదిలేస్తే చర్మం ఉడికినట్టు ఎర్రబడుతుంది, దాని మీద ఈగ వాలిందంటే ఇక చెప్పక్కర్లేదు, అందుకని పూటపూటా తుడవాలి, నీళ్ళలో ముంచడం పనికిరాదు, తడిగుడ్డతో అద్ది, అంటుకున్నచోట కార్న్‌ఫ్లోర్ చల్లి, పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెనతో మెల్లగా విడదీసి, మళ్ళీ పొడిగుడ్డతో తడి అన్నది లేకుండా ఒత్తాలి, కట్టు తడవకూడదు, ఇదంతా నాకు ఒకరు చెప్పాలా, పెళ్ళికి ముందునుంచీ ఆసుపత్రిలో మంచానపడ్డ మనుషుల్ని తుడుస్తున్నదాన్ని, ఇప్పుడు ఆ వార్డుకంతటికీ పెద్దనర్సుని, వీపున పుండు పడకుండా ఎంత బరువు మనిషినైనా పక్కకి తిప్పడం నా దగ్గరే నేర్చుకోవాలి ఎవరైనా, అటువంటి దాన్ని ఇంట్లో పెట్టుకుని కుందేలు కాలు విరిగితే నాకు చెప్పలేదు.

అదే, అదే నాకు కాలింది, ఎన్నిసార్లు వద్దనుకున్నా గుడ్డ పిండినప్పుడల్లా అదే మాట తన్నుకొస్తుంది, మెట్ల మీద ఎత్తుకుని దిగుతుంటే దొరగారు దాని చేతుల్లోంచి దూకారు, కాలు మెలిపడింది, నా ఆసుపత్రికి ఫోను చేస్తే నేనెత్తనా, వార్డులో ఎంత పనున్నా సరే కూతురి ఫోను ఎత్తనా, చెయ్యలేదు, ఏడుస్తూ నేరుగా వెళ్ళి పిన్ని మెడకి చుట్టుకుంది, ఆమె కుడుతున్న బట్ట కుడుతున్నట్టే వదిలేసి, జుట్టు కూడా ముడేసుకోకుండా, ఇద్దరూ కలిసి జంతువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు, సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి కట్టూ అయిపోయింది, మందులూ వచ్చేశాయి, ఏడుపులూ అయిపోయాయి, ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని బుట్టలోకి తొంగి చూస్తూ గుసగుసలాడుకుంటున్నారు, నేను గుమ్మంలో నిలబడి, ఏమైందే అన్నాను, అది టక్కున లేచి నిలబడింది, పిన్నే చెప్పింది, మీరు డ్యూటీలో ఉంటారు కదక్కా, ఊరికే కంగారు పెట్టడం ఎందుకని, అంది, కంగారు పెట్టడమట, నా కూతురి కంగారు నాది కాదట, ఆ మాటకి ఒళ్ళు మండింది, మంచిపని చేశావులే అని మాత్రం అన్నాను, ఆ మంచిపని అన్న మాట ఎలా అన్నానో నాకే వినిపించింది.

ముందు గదిలో మిషను ఆగింది, అంటే ఆమె లేచింది, లేస్తే పాట మొదలవుతుంది, ఇదిగో మొదలైంది, రాగమూ లేదు తాళమూ లేదు, సగం పాట పాడి మిగతాది ఈల వేస్తుంది, మా అమ్మాయి చెవులు దొరగారి చెవుల్లాగే అటు తిరిగాయి, నాకు కనపడుతూనే ఉంది, కాళ్ళు ఇక్కడున్నాయి గానీ మనిషి అక్కడుంది, వెళ్ళాలనుందా అని అడిగితే వెళ్ళదు, లేదమ్మా అంటుంది, అడక్కపోతే చూపు అటే, ఏముంది ఆమె దగ్గర, మా మరిదికి ఎక్కడ దొరికిందో గానీ, గదినిండా దారపుపోగులు, కత్తిరింపు ముక్కలు, ఎవరి కొలతలు ఎవరికి కుడుతుందో తెలియదు, తాగిన కప్పు తాగినచోటే, నా గదిలో చూడండి, దుప్పటి మీద ముడత ఉంటే నాకు నిద్రపట్టదు, అయినా పిల్ల ఆ చెత్తలోకే పోతుంది, అక్కడికి వెళ్తే దాని గొంతే వేరు, నా దగ్గర ఉన్నప్పుడు ఆ గొంతు ఎక్కడ దాచిపెడుతుందో, పిన్నీ నువ్వు తొండి, నేను ఆడను పో, అని అరుస్తుంది, ఒసేయ్ కోతీ నా కత్తెర ఇటియ్యి, అని ఆమె, ఇవ్వను, ఏం చేస్తావ్, అని ఇది, తర్వాత ఇద్దరూ పెనుగులాడి నవ్వుకుని ఏదో ఒకటి కింద పడేస్తారు, ఆ నవ్వు గోడ దాటి వస్తుంటే నేను ఇక్కడ బట్టలు మడతపెడుతూ ఒక చొక్కాకే మూడుసార్లు మడత వేస్తాను, నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళు, పేరు మార్చి చెప్పడం ఎందుకు, కుళ్ళే.

జడ సంగతే చూడండి, నేను వేస్తే బొమ్మలా కూర్చుంటుంది, దువ్వెన ఎంత గట్టిగా దిగినా కిక్కురుమనదు, పాయలు సమానంగా వస్తాయి, సాయంత్రం దాకా చెదరదు, నేను డ్యూటీకి తొందరగా వెళ్ళిన రోజు పిన్ని వేస్తుంది, ఒకసారి చెప్పులు మర్చిపోయి వెనక్కి వచ్చి చూశాను, అబ్బా లాగకు పిన్నీ, నీ చెయ్యి ఇనప చెయ్యి, అని గీపెడుతూ తల అటూ ఇటూ తిప్పుతోంది, కాళ్ళతో నేలని తన్నుతోంది, ఆ జడ ఒక పక్క లావు ఒక పక్క సన్నం, నాకు లోపల చల్లగా అనిపించింది అప్పుడు, చూశావా, నా దగ్గర ఎంత కుదురు, ఆమె దగ్గర ఎంత అల్లరి, పెద్దంతరం చిన్నంతరం నేర్పింది ఎవరు మరి, మా వార్డులో అందరికీ చెబుతాను, మా అమ్మాయి ఇంతవరకూ నోరెత్తి నాకు ఎదురు చెప్పింది లేదు అని, వాళ్ళు నోరు వెళ్ళబెట్టి, మా పిల్లలు మమ్మల్ని లెక్కే చెయ్యరు సిస్టర్, మీరెలా పెంచారో, అంటారు, ఆ మాట విన్నరోజు ఇంటికి నడిచి వచ్చే దారి తెలియదు నాకు, ఇంటికి వచ్చి చూస్తే ఆ బుద్ధిమంతురాలు పిన్ని వీపు మీద ఎక్కి ఊగుతూ ఉంటుంది.

అందుకే దొరగార్ని తీసుకున్నాను, తీసుకున్నాను అంటే లాక్కున్నాననే అనుకోండి, నా కూతురి ప్రాణమంతా ఆ బుట్టలో ఉంది, దొరగారు ఎవరి ఒడిలో ఉంటే అది ఆ ఒడి చుట్టూ తిరుగుతుంది, ఈ లెక్క తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, కట్టు వేసిన మర్నాడు మా తోడికోడలు తుడుస్తుంటే వెళ్ళి చూశాను, దొరగార్ని బల్లమీద పాత దుప్పటి పరిచి నాలుగు కాళ్ళ మీదే నిలబెట్టి, ఒక చేత్తో ఛాతీ కింద పట్టుకుని, రెండో చేత్తో వెనక తుడుస్తోంది, తుడవనిస్తేనా, గుర్రుమంటున్నారు, బాగున్న కాలితో బల్లని టపటపా కొడుతున్నారు, ఆమె జాకెట్టంతా తడి, మొహాన బొచ్చు, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు, దొరగారికి కోపమొచ్చింది పిన్నీ, వస్తే రానీవే, తిట్టనీ, అని, ఇదా వైద్యం, ఇలాగా రోగిని చూసుకునేది, జరుగు అన్నాను, ఇది నా పని, రోజూ చేసే పని, అన్నాను, అమ్మయ్య మీరు చేస్తే నాకూ నిశ్చింతే అక్కా, కాకపోతే ఆ డాక్టరమ్మ ఒక మాట చెప్పింది, దీన్ని పట్టుకునేటప్పుడు, అని ఏదో మొదలుపెట్టింది, నాకు చెప్పకు అన్నాను, అంతే, ఆమె నోరు మూతపడింది, మొహం మాత్రం చిన్నబోలేదు, అదొకటి ఆమెతో, ఎంత పొడిచినా చిన్నబోదు, నేను దొరగార్ని ఎత్తుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, రోగిని ఎలా పడుకోబెడతానో అలా మోకాళ్ళ మధ్య వెల్లకిలా పడుకోబెట్టాను, ఒక్కసారి కాళ్ళు విదిలించి ఊరుకున్నారు, అంతే, నిద్రపోయినట్టు ఉండిపోయారు, కళ్ళు తెరిచే ఉన్నాయి, ముక్కు కదలడం కూడా మానేసింది, గుండె మాత్రం నా వేళ్ళ కింద దడదడా కొట్టుకుంటోంది, చిన్నప్రాణుల గుండె అలాగే కొట్టుకుంటుందిలే అనుకున్నాను, చూశావా అన్నాను మా అమ్మాయితో, పిన్ని దగ్గర ఎంత గొడవ చేశారు, నా దగ్గర ఎలా ఉన్నారో చూడు, అది చూసింది, నోరు తెరిచింది, మూసుకుంది, రేపటినుంచి నేనే తుడుస్తాను, నువ్వు తువ్వాలు పట్టుకో, అన్నాను, సరేనమ్మా అంది.

కుందేలుతో పోటీ ఏంటే నీకు, అన్నారు మా ఆయన ఆ రాత్రి అన్నం దగ్గర, పోటీ కుందేలుతో కాదు అని నేననలేదు, ఆయనకి తెలుసు, తెలిసే అలా పక్కనుంచి గిల్లుతారు, మా తమ్ముడి పెళ్ళానికి ఇంకా పిల్లల్లేరు, మన పిల్లతో కాస్త ఆడుకుంటే నీ సొమ్మేం పోయింది, అన్నారు ఇంకోసారి, నా సొమ్మే పోతోంది మహానుభావా, కళ్ళముందే పోతోంది, మీకు కనపడదు, మీ దగ్గరికి వచ్చి మెడకి వేలాడుతుంది కాబట్టి మీకు లోటు తెలియదు, నా మెడకి ఎప్పుడు వేలాడిందో గుర్తు తెచ్చుకుందామంటే చంటిపిల్లప్పటి సంగతులే వస్తున్నాయి, అందుకని డ్యూటీలు మార్పించుకుని మరీ పొద్దున్నా సాయంత్రం ఈ కుర్చీలో కూర్చుంటున్నాను, అది తువ్వాలుతో నిలబడుతుంది, ఇద్దరం ఒక గదిలో ఉంటున్నాం, ఇదివరకు ఈ మాత్రం కూడా లేదు కదా, గెలిచినట్టే, దొరగారి తొడలు ముత్యంలా ఉన్నాయి, ఎర్రదనం లేదు, వాసన లేదు, ఏ నర్సునైనా వచ్చి చూసుకోమనండి.

కానీ గడ్డి అలాగే ఉంది, గుడ్డ పక్కనపెట్టి దొరగార్ని బుట్టలో దించుతుంటే చూశాను, నిన్న సాయంత్రం వేసిన ఎండుగడ్డి వేసినట్టే ఉంది, క్యారెట్ ఆకులు వాడిపోయి పడున్నాయి, బుట్ట అడుగున పెంట కూడా లేదు, అంత శుభ్రంగా ఉండటం నా గొప్పేననుకున్నాను ఇంతసేపూ, తిననిదానికి పెంట ఎక్కణ్ణుంచి వస్తుంది, రోగి తిండి మానేస్తే మొదట చూడాల్సింది నేను కదా, నిన్నటినుంచీ తినట్లేదా అన్నాను, తలూపింది, మరి చెప్పవేం, అన్నాను, గొంతు పెరిగింది, అది తువ్వాలుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, పాట ఆపేసి మా తోడికోడలు గుమ్మంలోకి వచ్చింది, ఏమైందక్కా, నేనూ రానా డాక్టరమ్మ దగ్గరికి, అంది, అప్పుడే చెప్పుల కోసం చూస్తోంది, అక్కర్లేదు, నా కూతుర్ని నేను తీసుకెళ్ళగలను, అన్నాను, కుందేలుని అనబోయి కూతుర్ని అన్నాను, ఆమె సరే అక్కా అని పక్కకి తప్పుకుంది, దాటిపోతుంటే మా అమ్మాయి చెయ్యి ఆమె చెయ్యిని ఒక్కసారి పట్టుకుని వదిలేసింది, నేను చూడలేదనుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దానికిచ్చాను, బుట్ట దాని ఒళ్ళో, నా భుజం దాని భుజానికి తగులుతోంది, ఏదైనా మాట్లాడదామని చూస్తే హోమ్‌వర్క్ అయిందా అన్న మాట తప్ప నోటికేమీ రాలేదు, అయిందమ్మా అంది, పిన్ని ఉంటే ఈపాటికి బస్సంతా వీళ్ళనే చూస్తుండేది, డ్రైవరు మీసం గురించి ఒక జోకు, ముందు సీట్లో బట్టతల గురించి ఒక జోకు, నాకు జోకులు రావు, వచ్చినా ఎదుటివాళ్ళు ముందు అది జోకేనా అని చూసి అప్పుడు నవ్వుతారు, దొరగారు బుట్టలో మూలకి ముడుచుకుని ఉన్నారు, మా అమ్మాయి బుట్ట సందులోంచి వేలు పెట్టి చెవి మీద రాస్తూ పెదాలు కదుపుతోంది, దొరగారితో ఏదో చెబుతోంది, వినపడేలా కాదు, ఏం చెబుతున్నావే అని అడుగుదామనుకున్నాను, అడిగితే ఏం లేదమ్మా అంటుంది, అడగలేదు, దొరగారికి ఏమైనా అయితే ఈ పిల్ల నాతో జన్మలో మాట్లాడదన్న సంగతి అప్పుడు తట్టింది, ఇప్పుడు మాత్రం మాట్లాడుతోందా అన్నది ఆ వెంటనే తట్టింది.

డాక్టరమ్మ నాకంటే చిన్నది, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది, అది నాకు నచ్చింది, కట్టు చూసింది, తోక కింద చూసింది, అబ్బ ఎంత శుభ్రంగా ఉంచారండీ, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, అంది, నేను నర్సునండీ అన్నాను, చెప్పకుండా ఉండలేకపోయాను, ఆమె పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విన్నది, మొహం మారింది, పేగులు మందగించాయి, బాగా భయపడిపోతే ఇలా అవుతుంది, ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ వచ్చిందా, అంది, లేదన్నాను, పెద్ద చప్పుళ్ళేమైనా, లేవు, చాలా కుదురైన జంతువండీ, నేను తుడుస్తుంటే నిద్రపోతుంది, అన్నాను, నిద్రపోతుందా, ఎలా పట్టుకుంటారు, ఒకసారి చూపించండి, అంది, చూపించాను, ఇలా మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని, మెల్లగా వెనక్కి వాల్చి, వెల్లకిలా, ఇదిగో చూడండి, కదలదు, అని ఇంకా అంటూనే ఉన్నాను, ఆమె చటుక్కున రెండు చేతులూ నా చేతుల కింద పెట్టి దొరగార్ని తిప్పి నాలుగు కాళ్ళ మీద నిలబెట్టేసింది, వద్దండీ, ఇలా ఎప్పుడూ పెట్టకండి, ఇది నిద్ర కాదు, కుందేల్ని వెల్లకిలా వేస్తే గద్ద కాళ్ళలో చిక్కాననుకుంటుంది, తప్పించుకునే దారి లేదని తెలిసి చచ్చినట్టు పడుంటుంది, కదిలితే చంపేస్తారేమోనని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటుందండీ ఆ కాసేపూ, పూటపూటా అలా చేస్తే ఇంకేం తింటుంది, అంది, మెత్తగానే అంది, మందలించినట్టు కూడా లేదు, మరి, మరి మా తోడికోడలు తుడిస్తే తన్నేదండీ, గుర్రుమనేది, నానా యాగీ చేసేది, అన్నాను, అదింకా ఎవరి మీదో నేరం మోపుతున్నట్టే వచ్చింది నా నోట్లోంచి, మంచిదే కదండీ, ఆవిడంటే భయం లేదన్నమాట, నచ్చలేదని చెప్పే ధైర్యం ఉందన్నమాట, అంది డాక్టరమ్మ, మందు సిరంజిలోకి ఎక్కిస్తూ, ఆ మాట ఎంత బరువో తనకి తెలియదు, తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి, ఏం పాపా, మొదటి రోజే మీ పిన్నికీ నీకూ చెప్పాను కదా వెల్లకిలా వద్దని, అమ్మకి చెప్పలేదా, అంది.

అది నేల వైపు చూసింది, నేను దాని వైపు చూశాను, అంటే తెలుసన్నమాట, మొదటి రోజునుంచీ తెలుసు, నేను గొప్పగా కుర్చీలో కూర్చుని చూడు ఎంత బుద్ధిగా పడుకున్నారో అంటున్న ప్రతిసారీ దానికి తెలుసు, తన ప్రాణంలాంటి దొరగారు నా ఒడిలో భయంతో బిగుసుకుని ఉన్నారని తెలిసీ, తువ్వాలు పట్టుకుని, తలూపుతూ నిలబడింది, తోడికోడలి నోరు నేను మూయించాను సరే, నాకు చెప్పకు అన్నాను, ఆమె పరాయి పిల్ల, ఇది నా పిల్ల, ఒక్కమాట అమ్మా అలా వద్దమ్మా అంటే చాలు, దొరగార్ని చంపుకోడానికైనా సిద్ధపడింది గానీ నాతో ఆ మాట అనలేకపోయింది.

బస్టాపు దాకా నడుస్తూ అడిగాను, కోపంగా కాదు, కోపం లేకుండా అడగాలని ముందే అనుకుని, మాటలు పోగుచేసుకుని అడిగాను, నాకు చెప్పొచ్చు కదే తల్లీ, అన్నాను, అది బుట్టని గుండెలకి హత్తుకుని, సారీ అమ్మా, ఇంకెప్పుడూ అలా చెయ్యను, అంది, ఏం చెయ్యవే, నువ్వేం చేశావని, తప్పు నాది కదా, అందామనుకున్నాను, బస్సు వచ్చేసింది, బస్సు రాకపోయినా అనేదాన్ని కాదేమో, ఆ పదాలు నా నోటికి అలవాటు లేవు, బస్సులో తలుచుకుంటే ఇంకా తోడికోడలి మీదే కోపం వచ్చింది, చూడు నా బుద్ధి, ఆమె చేతిలో దొరగారు తన్నారు, గుర్రుమన్నారు, ఆమె పాటలు పాడుకుంటూ ఆ తన్నులు తినేసింది, తన్నులు తినడం కూడా ఒక భాగ్యమా, అవును, భాగ్యమే, నా కూతురు తొండి అని అరిచేది ఆమె మీద, జుట్టు లాగుతున్నావని ఏడ్చేది ఆమె దగ్గర, అవన్నీ నాకు రావలసినవి, నా వాటా, నాకు దక్కింది సరేనమ్మా ఒక్కటే, దాన్నే నేను పతకంలా మెడలో వేసుకుని వార్డంతా తిరిగాను.

సాయంత్రం మళ్ళీ తుడవాలి, మందు పడ్డాక దొరగారు రెండు గడ్డిపోచలు కొరికారు, నాలుగు గింజలంత పెంట కూడా వేశారు, దాన్ని చూసి ఇంత సంతోషపడతానని నేనెప్పుడూ అనుకోలేదు, బల్ల మీద పాత దుప్పటి పరిచాను, గిన్నెలో నీళ్ళు, గుడ్డ, దొరగార్ని నాలుగు కాళ్ళ మీద నిలబెట్టాను, ఎలా పట్టుకోవాలో నువ్వు చెప్పు, నాకు రాదు, అన్నాను మా అమ్మాయితో, నాకు రాదు అన్న మాట ఈ ఇంట్లో నా నోట రావడం అదే మొదలనుకుంటాను, అది నమ్మలేనట్టు చూసి, పిన్నిని పిలవనా అంది, మనసు చివుక్కుమంది, వద్దు, నువ్వు చెప్పు, అన్నాను, అది భయంభయంగా నా చెయ్యి పట్టుకుని ఛాతీ కిందికి జరిపింది, ఇక్కడమ్మా, మరీ గట్టిగా కాదు, అంది, దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి, తడిగుడ్డ తొడకి తగిలిందో లేదో దొరగారు గుర్రుమన్నారు, నా మీద, నా మీదే, బాగున్న కాలు ఎత్తి ఒక్క తన్ను తన్నారు, గిన్నె ఎగిరి నా మీద పడింది, ఇస్త్రీ చేసుకుని రేపటి డ్యూటీకి కుర్చీ మీద వేసుకున్న తెల్ల యూనిఫాం మీదా, నేల మీదా, నా ఒళ్ళోనూ నీళ్ళు, తన్నారు, దొరగారు నన్ను తన్నారు, గుండెలో ఏదో విప్పుకున్నట్టయింది, నవ్వొచ్చింది, పక్కకి తిరిగి దానికి చెబుదామనుకున్నాను, చూశావుటే నన్నూ తిట్టారు అని, అప్పుడు చూశాను, నా కూతురు దొరగారి వైపు చూడటం లేదు, ఒలికిన నీళ్ళ వైపూ, తడిసిన యూనిఫాం వైపూ చూడటం లేదు, నా మొహం వైపు చూస్తోంది, కళ్ళు పెద్దవి చేసుకుని, నా కనుబొమలూ నా పెదాలూ ఎటు కదులుతాయోనని చూస్తోంది, ఇది ఇవాళ నేర్చుకున్న చూపు కాదు, ఎంతో అలవాటైన చూపు, ఏది ఒలికినా, ఏది పగిలినా ఈ పిల్ల ముందు ఇక్కడే వెతుక్కుంటుంది, పిన్ని గదిలో కత్తెర కింద పడ్డా, దారపు డబ్బా తిరగబడ్డా ఎవరి మొహమూ చూడక్కర్లేదు, అందుకే నవ్వుతుంది, నేను ఇన్నాళ్ళూ ఆ నవ్వుకి కుళ్ళుకున్నాను గానీ ఆ నవ్వుకి ముందు ఏది లేదో చూడలేదు, నవ్వాలి, ఇప్పుడే నవ్వాలి, అనుకున్నాను, లోపల ఉన్న నవ్వు నా మొహం మీదికి రావడానికి దారి తెలియక కాస్త ఆలస్యమైంది, ఆ ఆలస్యమంతా నా కూతురు ఊపిరి బిగబట్టి, ఒక్క కదలిక లేకుండా నిలబడింది, దానికి నేనంటే ఇష్టం లేక కాదు, పిన్ని అంటే ఎక్కువ ఇష్టమయ్యీ కాదు, దానికి నేనంటే భయం.